పళ్ళు లెక్కపెట్టి బ్లేడు కొనేవాళ్ళకి

మా రోజుల్లో టేబుల్ సాకి బ్లేడు కావాలని దుకాణానికి వెళ్ళినవాడు ముందు ఏ చెక్క కోస్తాడో, దాంట్లో ఏ కోత పెడతాడో చెప్పేవాడు. కౌంటరు వెనక ఉన్న పెద్దమనిషి కూడా ఆ రెండూ అడక్కుండా గోడ మీంచి బ్లేడు దించేవాడు కాదు. ఇప్పుడు ఒకటే ప్రశ్న, ‘ఎన్ని పళ్ళు?’ నలభై కంటే అరవై మేలు, అరవై కంటే ఎనభై మేలు అనుకుని డబ్బు పోస్తున్నారు. ఆ బ్లేడు ఏ కోతకి పుట్టిందో అమ్మేవాడు చెప్పడు, కొనేవాడు అడగడు. చూస్తూ ఊరుకోవడం నావల్ల కావడం లేదు.

నేను డిట్రాయిట్ చుట్టుపక్కల ప్యాటర్న్ షాపుల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. లోహం పోత పోయడానికి ముందు ఇసుకలో అచ్చు తియ్యాలి. ఆ అచ్చు కోసం చేసే కొయ్య నమూనాయే ప్యాటర్న్. పోత ఇనుము చల్లారితే కుంచించుకుపోతుంది కాబట్టి అడుక్కి 1/8 అంగుళం పెంచి గీసిన స్కేలు వాడేవాళ్ళం. అల్యూమినియానికి వేరే స్కేలు, దానికి 5/32. అలాంటి కొలతల మధ్య బతికినవాళ్ళం మేం. ఆ షాపులు చాలావరకు మూతపడ్డాయి, కొయ్య పని కంప్యూటర్ యంత్రాల పాలైంది. నాకు మిగిలిందల్లా గరాజులో ఒక టేబుల్ సా, పక్కన సెయింట్ క్లెయిర్ సరస్సు. ఆ సరస్సులో మస్కీ అనే చేప నాలుగడుగులు దాటి పెరుగుతుంది. మన కాలవ గట్ల మీద గాలానికి వానపాముని గుచ్చితే చాలు. ఈ చేపకి మాత్రం జానెడు పొడుగు చెక్క చేపని చేసి, దానికి గాలాలు తగిలించి, పడవ వెనక ఈదించాలి. ఆ చెక్క చేపలే ఇప్పుడు నా వ్యాపకం.

ఈ ఊళ్ళవాళ్ళకి అది పాత విద్యే. ఇదే మిషిగన్‌లో డవాజియాక్ అనే ఊళ్ళో జేమ్స్ హెడన్ అనే తేనెటీగల పెంపకందారు చెక్కతో ఎరలు చెయ్యడం మొదలుపెట్టాడు, కొడుకులతో కలిసి అదే వ్యాపారమైంది. 1936లో ఫిన్లండ్‌లో లౌరి రాపలా బెరడుతో చేపని చెక్కి, చాక్లెట్ చుట్టే రేకు అంటించి నీళ్ళలో వదిలాడు. నీళ్ళలో ఈదించి చూస్తే గానీ ఏ ఎరా పూర్తయినట్టు కాదు. అది సూటిగా ఈదడమే పనికి పరీక్ష, బ్లేడుకీ అదే పరీక్ష.

మా షాపులో బ్లేడ్లు మేకులకి వేలాడేవి. నిలువుకోతవి ఒక వరస, అడ్డకోతవి ఒక వరస. అప్పట్లో ఎక్కువ ఉక్కు బ్లేడ్లే. మొద్దుబారితే కొత్తది కొనడమన్న మాటే లేదు. మూడంచుల ఆకురాయి పట్టుకుని ఒక్కొక్క పన్నూ రాయడమే. ముందు అన్ని పళ్ళనీ ఒకే ఎత్తుకి తేవాలి. తర్వాత ఒకటి ఎడమకి, ఒకటి కుడికి వంచాలి. ఆ వంపు ఏమాత్రం ఎక్కువైనా కోత గరుకు, తక్కువైతే బ్లేడు చెక్కలో పట్టేస్తుంది. నిలువుకోత బ్లేడుకి పన్ను కొసని ఉలిలా చదునుగా రాయాలి, అడ్డకోత బ్లేడుకి కత్తిలా ఏటవాలుగా రాయాలి. హాలో గ్రౌండ్ అని మరో రకం ఉండేది. దాని పళ్ళు వంచరు. అంచు నుంచి మధ్యకి పోయేకొద్దీ రేకునే పలచగా అరగదీస్తారు. దాంతో కోసిన చెక్క మీద చెయ్యి వేస్తే చిత్రిక పట్టినట్టుండేది. ఆకురాయి పట్టినవాడికి ఏ పన్ను ఎందుకు అలా ఉందో ఒకరు చెప్పక్కర్లేదు.

కార్బైడ్ పళ్ళు వచ్చి మేలు చెయ్యలేదని నేననను. ఉక్కు కంటే ఎన్నో రెట్లు ఎక్కువకాలం పదును నిలుస్తుంది. కానీ దానిమీద ఆకురాయి ఆనదు, వజ్రపు చక్రం కావాలి. దాంతో బ్లేడుకీ చేతికీ సంబంధం తెగిపోయింది. సంబంధం తెగాక మిగిలింది పళ్ళ లెక్కే.

మొన్న మా వీధిలో ఉండే తెలుగు కుర్రాడు తను చేసిన ఎర తెచ్చాడు. సెడారు చెక్క, రంగు అద్భుతంగా వేశాడు. నీళ్ళలో వేస్తే మాత్రం ఒక పక్కకే లాగుతోంది.

“అంకుల్, 80 పళ్ళ బ్లేడండీ. షాపులో అన్నిటికన్నా ఖరీదైనది అదే” అన్నాడు.

“కోద్దామా బాబూ?” అని అడిగి, వాడు సరేనన్నాక నడుము దగ్గర అడ్డంగా కోశాను. దీపం కింద పెట్టి చూపించాను. పెద్ద చేప లాగినా ఎర రెండు ముక్కలు కాకుండా మూతి నుంచి తోక దాకా ఒకటే తీగ వేస్తాం. దానికోసం పొట్ట కింద పొడుగునా గాడి కొట్టాలి. వాడి గాడి అడుగు చదునుగా లేదు. మధ్యలో మిట్ట, రెండు మూలల్లో లోతుగా గీతలు. పళ్ళు ఒకటి ఎడమకీ ఒకటి కుడికీ ఏటవాలుగా ఉండే బ్లేడు అడుగుని అలాగే వదుల్తుంది. తీగ మిట్ట మీద నిలవక ఎడమ మూలకి జారింది, ఎపాక్సీ దాన్ని అక్కడే పట్టేసింది. తాడు కట్టే కొక్కెం మధ్య గీతకి పక్కన పడ్డాక ఎర సూటిగా ఎలా ఈదుతుంది? కుర్రాడి చేతిలో లోపం లేదు. బ్లేడు సంగతి వాడికి చెప్పినవాడు లేడు, అంతే.

నేను చెప్పేది ఒక్కటే. ఎరలో చివరిదాకా మిగిలే కోత ఏదో చూసుకుని దానికి తగ్గ బ్లేడు కొనండి. పైకి నున్నగా కనిపించే కోతకి కాదు. పై పొర ఎలాగూ చెక్కి, గీకి, ఉప్పుకాగితం పట్టి పారేసేదే. అక్కడ కాస్త చిట్లితే చిట్లనివ్వండి. మిగిలేవి రెండే, పొట్టలో తీగ గాడి, మూతి దగ్గర లిప్ అనే పలక దిగే గాడి. ఈ రెంటికీ కావలసింది చదునైన అడుగు. అది ఇచ్చేది ఫ్లాట్ టాప్ పళ్ళున్న నిలువుకోత బ్లేడు, పది అంగుళాలది, 24 పళ్ళది. 80 పళ్ళదాని కంటే చవక కూడా. పళ్ళ మధ్య సందులు పెద్దవి కనక పొట్టుని బయటికి ఈడ్చేస్తుంది. 80 పళ్ళదానితో మేపుల్ చెక్కని నిలువునా కోస్తే ఆ పొట్టు పోయే దారి లేక చెక్క మాడుతుంది.

లిప్ సంగతి ఇంకా ముఖ్యం. మస్కీ ఎరకి పాలీకార్బొనేట్ లిప్ 1/8 అంగుళం మందం పెడతారు. 1/8 పేరుతో అమ్మే షీటు నిజానికి కాస్త పలచగానే ఉంటుంది. పూర్తి మందం బ్లేడు కోత సరిగ్గా 1/8. అంటే ఒకే కోతకి లిప్ దిగుతుంది, జిగురుకి చోటూ మిగులుతుంది. ఇంతకంటే ఏం కావాలి? చెక్క నలుపలకగా ఉన్నప్పుడే, పొడుగు కర్ర కొసనే, బ్లేడు వాల్చి ఈ గాడి కొట్టాలి. చేప ఆకారం చెక్కాక కొడదామంటే ఆనించడానికి చదునైన పక్క ఉండదు, పట్టుకోవడానికి చోటుండదు. పది అంగుళాల బ్లేడు నిమిషానికి 4,000 సార్లు తిరిగితే పంటి కొస గంటకి 190 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. చిన్న ముక్కని దాని దగ్గరికి వేళ్ళతో తోసే పని ఎవరూ చెయ్యకూడదు.

చిన్న ఎరలకి 1/16 లిప్ పెట్టేవాళ్ళు ఏడుంపావు అంగుళాల చిన్న బ్లేడు బిగిస్తున్నారు. చాలావాటి కోత 1/16కి దగ్గర్లో ఉంటుంది, ఇరుసు రంధ్రం కూడా సరిపోతుంది. ఉపాయం మంచిదే. కానీ బ్లేడు వెనక కోతలోకి దిగే రేకు, రైవింగ్ నైఫ్, పెద్ద బ్లేడుకి తగ్గ మందంతో వస్తుంది. కోత దానికంటే సన్నమైతే చెక్క మధ్యలో ఆగిపోతుంది. ఆగిందని ఆ నైఫ్ పీకి పారేస్తున్నారు. అలా చెయ్యకండి, సన్న బ్లేడుకి సరిపడే నైఫ్ వేసుకోండి. వేలు తగలగానే బ్లేడుని ఆపేసే సాస్టాప్ యంత్రం ఈ కాలం తెచ్చిన గొప్ప మేలు, మా రోజుల్లో అది ఉంటే ఎన్ని వేళ్ళు మిగిలేవో. ఆ బ్రేకు మాత్రం పది అంగుళాల బ్లేడుకి సరిచేసి ఉంటుంది, చిన్న బ్లేడు దాంట్లో వెయ్యకూడదు. ఈ ముక్క డబ్బా మీద పళ్ళ సంఖ్య రాసినంత పెద్ద అక్షరాలతో రాయాలి.

కొత్త బ్లేడు తెచ్చుకోగానే ఎర జోలికి వెళ్ళకండి. ఒక పనికిరాని చెక్కలో అర అంగుళం లోతు గాడి కొట్టి, అడ్డంగా కోసి, దీపం కింద అడుగు చూడండి. మూలల్లో గీతలు కనిపిస్తే ఆ బ్లేడుని పలకలు అడ్డంగా కొయ్యడానికి ఉంచుకుని, గాడి కోసం ఫ్లాట్ టాప్ అని అడిగి తెచ్చుకోండి.