సర్కారుకు అప్పిచ్చిన పట్టపుపాలెం

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి వడ్డీ లేకుండా, నోటు రాయించుకోకుండా, పూచీ అడక్కుండా అప్పిచ్చే బ్యాంకు ఎక్కడుందని ఎవరైనా అడిగితే కావలి దాటి తుమ్మలపెంట రోడ్డు పట్టమనండి. అక్కడ దొరక్కపోతే ఇసకపల్లి, అక్కడా కాకపోతే మైపాడు, కోడూరు. నెల్లూరు తీరంలో చేపలు ఎండబెట్టుకునే ఏ పట్టపుపాలెంలోనైనా ఆ బ్యాంకు శాఖ ఉంటుంది. మేనేజరమ్మ కొంగు నడుముకి బిగించి, తట్ట ముందు పెట్టుకుని రొయ్యలు వలుస్తూ ఉంటుంది. తాను ప్రభుత్వానికి అప్పిచ్చిన సంగతి ఆమెకి తెలియదు. ప్రభుత్వానికి తెలుసు, చెప్పదు.

అప్పు పుట్టే విధానం ఇది. ఆమె కొడుక్కి ఇంజినీరింగులో సీటొచ్చింది. ఫీజు సర్కారే కడుతుందన్నారు, సంబరపడింది. సర్కారు కట్టలేదు. కాలేజీ వాళ్ళు ముందు మెసేజి పెట్టారు, తర్వాత ఫోను చేశారు, ఆ తర్వాత హాల్ టికెట్ దగ్గర ఆపారు. ‘మీరు కట్టెయ్యండమ్మా, గవర్నమెంటు వేసినాక మీకు తిరిగిస్తాం’ అన్నారు. ఆమె చేపల సావుకారు గడప తొక్కింది. రెండు రూపాయల వడ్డీ. 35,000కి నెలకి 700, ఏడాదికి 8,400. పైగా బాకీ తీరేదాకా మొగుడి పడవలో పడ్డ వంజరమైనా చందువా అయినా ఆ సావుకారుకే పోయాలి, ఆయన చెప్పిన రేటుకే పోయాలి. ఈ 8,400 గానీ, రేటులో కోసుకున్నది గానీ ఏ బడ్జెట్ పద్దులోనూ కనపడవు. ప్రభుత్వం బిడ్డ ఫీజు కట్టిందని లెక్కల్లో ఉంటుంది. ఆ ఫీజుని చేపల రూపంలో కట్టిందెవరో సముద్రానికి తెలుసు.

అలాంటప్పుడు లబ్ధిదారుల జాబితాలో ఆమె పేరెందుకుంది, ప్రభుత్వం పేరెందుకు లేదు?

ఫీజు రీయింబర్స్‌మెంట్ వైఎస్ రాజశేఖరరెడ్డి హయాంలో వచ్చింది. పథకం మంచిదే. కాసు కూడబెట్టలేని ఇళ్ళ నుంచి ఇంజినీర్లు వచ్చారు, కాదంటే కళ్ళు పోతాయి. అందుకే ఏ ప్రభుత్వానికీ దాన్ని తీసెయ్యడానికి ధైర్యం చాల్లేదు. తీసెయ్యకుండానే ఎగ్గొట్టే ఉపాయం మాత్రం అందరికీ చేతనైంది. జగన్మోహనరెడ్డి వచ్చి విద్యా దీవెన అన్నారు, డబ్బు కాలేజీకి కాదు, మూడు నెలలకోసారి తల్లి ఖాతాలో వేస్తామన్నారు. కొన్నాళ్ళకి తల్లి ఒక్కతే చాలదు, తల్లీబిడ్డల జాయింటు ఖాతా తెరవమన్నారు. 2024లో కూటమి ప్రభుత్వం వచ్చి తల్లి ఖాతా వద్దు, కాలేజీకే వేస్తామంది. తల్లికిస్తే ఇంట్లో ఖర్చయిపోతుందని ఒక వాదం, కాలేజీకిస్తే యాజమాన్యం ఆడించినట్టు ఆడాలని ఇంకో వాదం. ఎవరి ఖాతాలో వెయ్యాలన్న దాని మీద ఏళ్ళ తరబడి తర్కం నడిచింది. ఎప్పుడు వెయ్యాలన్నది మాత్రం ఇద్దరూ ఏకగ్రీవంగా వదిలేశారు.

2024 ఎన్నికల ముందు ఒక సభలో జగన్ ఫీజు డబ్బు వేస్తున్నామని బటన్ నొక్కారు. డబ్బు పడలేదు. ఆ పడని డబ్బు మీద ఎన్నికల సంఘం దాకా పంచాయితీ నడిచింది. ప్రభుత్వం మారాక, 2025 మార్చి 12న, బటన్ నొక్కిన పార్టీయే ‘యువత పోరు’ అని పేరు పెట్టి ఫీజు బకాయిల మీద కలెక్టరేట్ల ముందు ధర్నా చేసింది. అందులో మీరు పెట్టిపోయిన బకాయిలే వేల కోట్లున్నాయని ప్రభుత్వం ఎదురు చెప్పింది. ఇద్దరూ చెప్పింది నిజమే కావడం ఈ గొడవలో ఉన్న అందం. కుర్రవాడు ఆ ధర్నాకీ వెళ్ళాడు, ఈ సమాధానమూ విన్నాడు, సాయంత్రం ఇంటికొచ్చి సావుకారుకి ఫోను చేశాడు.

2023 జూలై 14న శ్రీహరికోటలో లేచిన చంద్రయాన్-3 ఆగస్టు 23న చంద్రుడి మీద దిగింది. నలభై రోజులు. రాష్ట్ర సచివాలయం ఉన్న వెలగపూడి నుంచి నెల్లూరుకి మూడొందల కిలోమీటర్లు లేదు. ఫీజు ఆ దూరం రావడానికి ఎంత కాలం పడుతుందో చెప్పే శాస్త్రవేత్త ఇంకా పుట్టలేదు.

పోనీ ఇవ్వడమే ఆలస్యం గానీ అడగడం తేలికా అంటే అదీ లేదు. పేదవాడు పేదవాడని ఊరంతటికీ తెలిసినా చాలదు, కంప్యూటరుకి తెలియాలి. మాగాణి పదెకరాలు దాటకూడదు, మెట్ట పాతిక దాటకూడదు. కారుండకూడదు. ఇంట్లో ఎవరూ ఆదాయపు పన్ను కట్టకూడదు. కొన్ని పథకాలకైతే కరెంటు నెలకి 300 యూనిట్లు మించకూడదు. అద్దె ఇంటికి మీటరు ఒక్కటే, కాపురాలు మూడు. మూడు కాపురాల ఫ్యాన్లూ కలిసి ఒక బిడ్డని ధనవంతుణ్ణి చేస్తాయి. మరపడవకి చక్రాలు లేకపోబట్టి బతికిపోయారు, ఉంటే అదీ కారు కిందే రాసేవాళ్ళు. కంప్యూటరుకి అసలు ఆనని వాళ్ళ సంగతి వేరు. ఈ జిల్లా యానాదుల్లో ఆధార్ కార్డే లేని కుటుంబాలున్నాయి. వాళ్ళు అర్హులో కాదో తేలాలంటే ముందు వాళ్ళున్నారని తేలాలి.

తల్లి ఖాతా రోజుల్లో గ్రామ సచివాలయంలో వేలిముద్ర తంతు చూసి ఉండాలి మీరు.

‘బొటనేలు పెట్టమ్మా.’

పెట్టింది. యంత్రం ఎర్రగా వెలిగింది.

‘చెయ్యి తుడుచుకుని పెట్టు.’

‘తుడిచే పెట్టినా నాయనా. రొయ్య ముల్లు గీరుకోని గీరుకోని ఏలు అరిగిపోయుండాది.’

‘అయితే కంటిపాప తీయాల. ఆ మిషను ఈడ లేదు.’

బిడ్డని ఎలా చదివించిందో ఆ వేలి మీదే రాసి ఉంది. యంత్రానికి ఆ లిపి రాదు.

ఏమీ అడక్కుండా ఇచ్చినవాళ్ళూ ఒకప్పుడు ఉన్నారు. ఇదే జిల్లా వెంకటాచలం మండలంలో సర్వేపల్లి ఉంది. రాధాకృష్ణన్ గారు తిరుత్తణిలో పుట్టినా ఇంటిపేరు ఈ ఊరిదే. ఆయన చదువంతా స్కాలర్‌షిప్పుల మీదే సాగింది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో తత్త్వశాస్త్రం తీసుకోవడానికి కారణం కూడా వైరాగ్యం కాదు, లేమి. అదే కాలేజీలో చదువు ముగించిన బంధువొకాయన తన పుస్తకాలు ఇచ్చేశాడు, కొనే బాధ తప్పింది. ఆ బంధువు కరెంటు బిల్లు చూడలేదు. వేలిముద్ర అడగలేదు. పుస్తకాల అట్ట మీద తన బొమ్మ వేయించుకోలేదు. అలాంటి మనిషిని ఇప్పుడు ఏ శాఖలోనూ ఉంచుకోరు. రాధాకృష్ణన్ గారి పేరుని మాత్రం వాడుకున్నారు. బడిపిల్లల విద్యా కానుక కిట్టుకి 2024లో ఆయన పేరు తగిలించి విద్యార్థి మిత్ర అన్నారు. పేరు మార్చే జీవోలు ఎన్నడూ బకాయి పడవు.

అవకాశాలకేం, బోలెడు. ఏ కాలేజీలోనైనా ఏడాదికోసారి అవగాహన సదస్సు పెడతారు. ఫ్లెక్సీ మీద పదిహేను మొహాలు, వేదిక మీద పన్నెండు కుర్చీలు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, మెమెంటోలు అయ్యేసరికి భోజనాల వేళవుతుంది. చివరి అయిదు నిమిషాల్లో ఎవరో ఒకాయన ‘వెబ్‌సైటులో అన్నీ ఉన్నాయి, చూసుకోండి’ అంటాడు. చూసుకున్నారు. కేంద్రం 2024 నవంబరులో పీఎం విద్యాలక్ష్మి తెచ్చింది. హామీ అక్కర్లేదు, పూచీదారు అక్కర్లేదు, బ్యాంకు అప్పిస్తుంది. షరతల్లా ఒక్కటే, దేశంలో పైవరస సంస్థల్లో, మొదటి జాబితాలో అవి 860, చదువుతూ ఉండాలి. పైవరసలో సీటు కొట్టినవాడికి అప్పు తేలిక, కింది వరస వాడికి సావుకారే విద్యాలక్ష్మి. పరిశోధన చేద్దామా? నెట్ పరీక్ష గట్టెక్కకపోయినా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసేవాళ్ళకి యూజీసీ నెలకి 8,000 ఇస్తుంది, 2012 నుంచి అదే 8,000. రాష్ట్ర విశ్వవిద్యాలయం వాడికి అదీ లేదు, వాడి ఆకలి రాష్ట్ర జాబితాలోది. ప్రైవేటు కాలేజీలో పీజీ చేద్దామనుకున్న వాళ్ళకి 2020 డిసెంబరులో 77వ నంబరు జీవో ఇచ్చి ఫీజే తీసేశారు. అదే ప్రభుత్వం విదేశాల్లో పేరుమోసిన విశ్వవిద్యాలయంలో సీటు తెచ్చుకుంటే కోటీ పాతిక లక్షల దాకా ఇస్తామంది. కావలిలో ఎమ్మెస్సీకి డబ్బుల్లేకపోయాయి, హార్వర్డుకి ఉన్నాయన్నారు. మా వాళ్ళదే తప్పు, దగ్గర కాలేజీలో చేరారు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరమంతా వేట నిషేధం. పడవలు ఒడ్డెక్కుతాయి, ఇంట్లో పైసా పుట్టదు. సరిగ్గా అప్పుడే సంవత్సరాంతపు పరీక్షలు, సర్టిఫికెట్లు, బాకీ కట్టమని కబుర్లు. నిషేధం రోజుల్లో ఇచ్చే భృతిని 2025లో 10,000 నుంచి 20,000కి పెంచారు, సంతోషం. వేట లేనప్పుడు గంజికని ఇచ్చిన ఆ డబ్బు నేరుగా కాలేజీ కౌంటరుకి నడిచివెళ్తుంది. ఒక శాఖ ఇచ్చింది ఇంకో శాఖ ఎగ్గొట్టిన దాంట్లో జమ. రెండు శాఖలూ ప్రగతి నివేదికలో చెరొక పేజీ రాసుకుంటాయి.

విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు పట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. పట్టుకుంటూనే ఉన్నారు, ఎందుకంటే పని జరుగుతోంది. టీసీ కోసం తల్లి పుస్తె తాకట్టు పెడుతుంది, డబ్బు వస్తుంది. ఇంత బాగా పనిచేసే పద్ధతిని అసలు బాకీదారు మీద ఎందుకు ప్రయోగించరో నాకు బోధపడదు. ఆర్థిక శాఖలో ఫైలు మీద సంతకం పెట్టే పెద్దలందరూ పదో తరగతి మెమో మొదలు డిగ్రీ పట్టా దాకా ఒరిజినల్స్ తెచ్చి కాలేజీ బీరువాలో పెట్టాలి. మంత్రులు కూడా, ఉన్నవాళ్ళు. ఈలోగా ప్రమోషనుకో పాస్‌పోర్టుకో కావలసివస్తే జిరాక్సు ఇస్తారు, దాని మీద ‘బాకీ ఉంది’ అని ముద్ర ఉంటుంది. వడ్డీ ఎక్కువేం కాదు, రెండు రూపాయలే, పాలెంలో నడిచే రేటు. బకాయి తీర్చి పట్టుకుపోయే రోజున తల్లిని వెంటబెట్టుకు రావాలి. ఆమె వేలిముద్ర పడితేనే బీరువా తెరుస్తారు.