స్ట్రావా వీరుల లక్ష చక్రాలు

ఐరన్‌మ్యాన్ అంటే 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, ఆపైన 42.2 కిలోమీటర్ల పరుగు. దీనికి మన హైదరాబాద్ వీరులు కొందరు తయారయ్యే తీరు ముచ్చటగా ఉంటుంది. తెల్లారకముందే ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ మీద వాలిపోతారు. సైకిలుకు అరచేతి వెడల్పు కార్బన్ రిమ్ములు. జత ధర లక్ష పైమాటే. గాలిని చీలుస్తాయట. చీలుస్తాయి, కాదనం. కానీ గాలికి అడ్డం పడేదాంట్లో సింహభాగం చక్రం కాదు, పైన కూర్చున్న శాల్తీ! బొజ్జకు ఏరో మోడల్ ఇంకా రాలేదు.

అయినా సాధన అంటే కాళ్లకు కష్టం నేర్పడం కదా. 200 వాట్లు తొక్కితే మామూలు చక్రానికీ 200 వాట్లే, లక్ష చక్రానికీ 200 వాట్లే. గుండెకు బ్రాండు తెలీదు. తేడా కనిపించేది స్ట్రావా యాప్‌లో పెట్టే సగటు వేగంలో. ఓహో, సాధన అందుకా!

పందేనికి ముందు నాలుగైదుసార్లు ఆ లక్ష చక్రాలతో తిరిగి, పక్కగాలికి హ్యాండిల్ ఎటు లాగుతుందో చూసుకుంటే తప్పులేదు. హవాయిలోని కోనాలో జరిగే ప్రపంచ పోటీలో పళ్లెంలా పూర్తిగా మూసి ఉండే డిస్కు చక్రాలను గాలికి జడిసి ఏళ్ల తరబడి రానివ్వలేదు మరి. మనకు గాలి భయం తక్కువ, ట్రాక్ దిగాక గతుకుల భయం ఎక్కువ. కార్బన్ రిమ్ము పగిలిందంటే వీధి చివర మెకానిక్ సుత్తితో సరిచేసేది కాదు. ఇంటికి ఆటోలో రావాల్సిందే. ఆటోవాలా ఏరో చూడడు, మీటరూ చూడడు.