శిలాఫలకం

వేంపల్లెలో చరిత్ర వినడానికి మనుషులు రారనేది అబద్ధం. మన్రో దొర మీద ప్రసంగం పెట్టిన ఆదివారం కుర్చీలు చాలక కిటికీల దగ్గర గూడా నిలబడినారు.

గండిలో పాపఘ్ని మీద, రెండు కొండల నడుమ, రాముడి కోసం వాయుదేవుడు కట్టిన బంగారు తోరణం ఉందని, పుణ్యం చేసుకున్నవాళ్లకు చివరి రోజుల్లోనే అది కనబడుతుందని మా పక్క పిల్లలు నడక నేర్చినప్పటి నుంచీ వింటారు. 1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి వదిలేసినాక ఏడేళ్లు ఇక్కడ కలెక్టరుగా చేసి, తర్వాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రోకు ఆ తోరణం అగుపించిందట. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయినాడు. తోరణం కథ జిల్లా గెజిటీరులోకీ ఎక్కింది. ఇంక జనం రాక ఏం చేస్తారు!

మరుసటి నెల మెకంజీ కైఫీయత్తులు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల్లాంటి మనవాళ్ల సాయంతో ఆ దొర ఊరూరి కథా కరణాల చేత రాయించి దాచిన వైనాన్ని వక్త బ్రహ్మాండంగా చెప్పినాడు. విన్నవాళ్లు ఎనిమిది మంది, మైకు కుర్రోడితో కలిపి. ఆ పై నెల రాళ్ల మీద. భూగర్భశాస్త్రం చదివినవాళ్లకు 'వేంపల్లె' అంటే ఊరు కాదు, 1872లో విలియం కింగ్ రాసిన గ్రంథం నుంచీ పేరుమోసిన రాతిపొర. వయసు 190 కోట్ల ఏళ్లకు పైమాటే. తుమ్మలపల్లె యురేనియం ఉన్నదీ అందులోనే. మన ఊరికి ఇంత పేరుందా అని ఆశ్చర్యపోయి, ఆశ్చర్యం తీరకముందే పల్లెలకు పోయే కడపటి బస్సు కోసం సగంమంది లేచిపోయినారు.

ఈ ప్రసంగాలు నడిపేది రిటైరైన అయ్యవార్లు, ఆఫీసుల్లో పనిచేసి దిగిపోయినవాళ్లు కలిసి పెట్టుకున్న కమిటీ. దాతల డబ్బుతో ఒక రేకుల గది లేపినారు. గది లేచింది గాబట్టి శిలాఫలకం కావాలన్నారు. గది కట్టడానికి పట్టిన కాలం కంటే ఫలకం మీద పేర్ల వరస తేల్చడానికి ఎక్కువ పట్టింది. అధ్యక్షులవారి పేరు కార్యదర్శి పేరు కంటే వేలెడు పెద్దగా ఉండాలా, సమానంగా ఉండాలా అనే దాని మీద రెండు సమావేశాలు జరిగినాయి. ఖర్చు మాట వచ్చేసరికి మాత్రం అందరూ కోశాధికారి వైపు చూసినారు. కొత్త నల్లరాయి ధర విని ఆయన అదిరిపోయినాడు. "పాతరాయి ఒకటుంది సార్, మంచి దిట్టమైంది, చెక్కుడు కూలి ఇస్తే చాలు" అని రాళ్ల మేస్త్రీ అన్నాడు. అందరూ సరేనన్నారు.

ఫలకం తెరిచే రోజుకు శాసనాల మీద ప్రసంగం పెట్టినారు. వచ్చినాయన పెద్ద విద్వాంసుడు. కలమళ్లలో రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనుంజయుడు 575 ప్రాంతంలో వేయించిన శాసనం దగ్గర మొదలుపెట్టి, అంతవరకూ సంస్కృత ప్రాకృతాల్లోనే నడిచిన రాతకోతల్లోకి తెలుగు మొదట వచ్చింది మన కడప సీమలోనేనని చెప్తే చప్పట్లు పడినాయి. రాయిని కడిగి, తడి కాగితం పరిచి, కుంచెతో దబదబా కొట్టి, మసి అద్దితే అక్షరాలు తెల్లగా ఎట్లా పైకి తేలతాయో చేతులతో ఆడించి మరీ చూపించినాడు.

ఆయనకు మహా ఇష్టమైంది శాసనాల తల, తోక. తలమీద సూర్యుడు, చంద్రుడు. వాళ్లు ఉన్నన్నాళ్లు ఈ దానం ఉండాలని. తోకలో శాపం. "దానమిచ్చిన రాజు పోతాడు, ఆయన కొడుకూ పోతాడు. ఆ తర్వాత చెరువునూ మాన్యాన్నీ కాయాల్సింది శాపమే. దీన్ని చెరిపినవాడు గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతాడని రాసేవాళ్లు. చదువురాని వాళ్ల కోసం కొన్నిచోట్ల గాడిద బొమ్మ గూడా చెక్కించేవాళ్లు."

సభ నవ్వింది. అధ్యక్షులవారు మైకు అందుకుని, "మా జనానికి ఈ విలువలు యాడ తెలుస్తాయి సార్! శాసనాల మీద గుడ్డలుతుకుతారు, పశువుల్ని కట్టేస్తారు" అని నొచ్చుకున్నారు.

తెర లాగినారు. సెల్‌ఫోన్లన్నీ పైకి లేచినాయి. విద్వాంసుడు చప్పట్లు కొట్టబోయి ఆగినాడు.

"పైన సూర్యచంద్రుల్ని చెక్కించినారే! భలే."

"మేస్త్రీ సొంత డిజైను సార్" అన్నాడు కార్యదర్శి.

విద్వాంసుడు కళ్లజోడు సర్దుకుని వంగినాడు. బంగారు రంగు పూసిన పేర్ల వరస అయిపోయినాక, గచ్చుకు జానెడు ఎత్తులో, రంగు పూయని రెండు వరసలున్నాయి. బాకీ కూలి కోసం వచ్చి వెనక నిలబడిన మేస్త్రీని పిలిచినారు.

"చెరువు తూము కాడ పడుండె సార్. నాకు అక్షరం ముక్క రాదు, మీరు గీసిచ్చిందే చెక్కినా. పాత రాతలన్నీ నున్నగా తీసేసినా. బొమ్మలు బాగుండాయని ఉంచినా. అడుగు రెండు వరసలు గచ్చులో పోతాయి గదా అని ఇడిసినా. ఎత్తుగా ఉంటేనే అందరికీ కనబడుతుందని సార్లే పైకి లేపించిరి."

విద్వాంసుడు నోరు మెదపలేదు. చేతిలోని నీళ్ల సీసా రాయి మీద వంచి, సుద్దముక్క అడిగి తీసుకుని అడ్డంగా రుద్దినాడు. మరీ పాతది కాదు; రెండు మూడు వందల ఏళ్ల నాటి రాత, మన అక్షరాలకు దగ్గరే. ముందు వరసలో కూర్చున్న ఇంటర్ పాప, అంతసేపూ నోట్సు రాసుకున్నది ఆ పాప ఒక్కతే, లేచి వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. ఫలకాన్ని పైనుంచి కదా చదవాలి, అట్లనే చదివింది. అధ్యక్షులు ఫలానావారు, కార్యదర్శి ఫలానావారు, కోశాధికారి ఫలానావారు, సభ్యులు ఏడుగురు. రాతిమీద చుక్కలూ కామాలూ ఉండవు గాబట్టి ఊపిరి తిప్పుకోకుండా కింది రెండు వరసల్లోకి దిగిపోయింది. వీరందరూ గంగ కరను గోవును వధించిన పాపాన పోవుదురు.

ఎవరూ నవ్వలేదు. కోశాధికారి టీలు వచ్చినాయేమో చూస్తానని బయటికి పోయినాడు.

అధ్యక్షులవారు మేస్త్రీని మూలకు పిలిచి గొంతు తగ్గించి, "రేపు తెల్లారకముందే వచ్చి ఆ రెండు వరసలు గూడా నున్నగా చేసెయ్‌ప్పా. నీ బాకీతో పాటు ఇంకో ఐదొందలిస్తా" అన్నారు.

మేస్త్రీ రాయి వంక చూసినాడు.

"కిందివి ముట్టను సార్. పైవైతే చెప్పండి, ఇప్పుడే కొట్టేస్తా. దుడ్లు గూడా వద్దు."