బడికి తాళం, కాలనీకి కొబ్బరికాయ: ఒళ్లు అలవకుండా రెండూ సాధించే తొమ్మిది చిట్కాలు

ఊళ్లో సర్కారు బడి ఉంటే మనిషికి స్థిమితం ఉండదు. ఇవాళ తల్లిదండ్రుల సమావేశం అంటారు. రేపు సంతకం అంటారు. ఎల్లుండి ప్రహరీ కూలింది, తలా ఓ చెయ్యి వేయండి అంటారు. అదే బడి లేని ఊళ్లో చూడండి, భోంచేసి పడుకుంటే లేపేవాడు ఉండడు. పైగా బడి ఎప్పుడూ రోడ్డు వారనే ఉంటుంది. దాని పక్కన మీకో అరెకరం ఉంటే ఇక చెప్పేదేముంది!

మీ మేలు కోరి చెబుతున్నాను. బడి మూయించడానికి ధర్నాలు, అర్జీలు అక్కర్లేదు. అవన్నీ బడిని నిలబెట్టుకునేవాళ్లు పడే పాట్లు. మూయించడానికి కాస్త ఓపిక, నాలుగు సాకులు చాలు. మా ఊళ్లో నాలుగేళ్లలో పని పూర్తయింది. వరసగా చెబుతాను, ఒక్కటీ వదలకండి.

1. మీ ఇంటి నుంచే మొదలుపెట్టండి.

మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉన్నట్టు బడి ప్రాణం హాజరు పట్టీలో ఉంటుంది. పట్టీలో పేర్లు తగ్గితే టీచరు తగ్గుతారు, టీచరు తగ్గితే పేర్లు ఇంకా తగ్గుతాయి. ఒకసారి కదిపి వదిలేస్తే చాలు, తర్వాత దానంతట అదే జారుతుంది. ముప్పై మంది పిల్లలున్న బడి నుంచి మీ పిల్లలిద్దర్నీ, మీ తమ్ముడి కొడుకునీ తీసి ప్రైవేటు బడి పచ్చ బస్సు ఎక్కించండి. అప్పుడే ఇరవై ఏడు. మీ పక్కింటివాళ్లు రెండు రోజులు ఆ బస్సు వైపు చూస్తారు, మూడో రోజు వాళ్ల పిల్లకి కూడా టై కొంటారు.

ఫీజు గురించి బెంగ వద్దు. 'తల్లికి వందనం' పథకం ప్రైవేటు బడి పిల్లలకీ వర్తిస్తుంది. 15,000 రూపాయల్లో 2,000 బడుల నిర్వహణకు పోగా 13,000 తల్లి ఖాతాలో పడుతుంది. అది మొదటి టర్ముకి కట్టేయండి. రెండో టర్ము సంగతి రెండో టర్ములో చూసుకోవచ్చు, అప్పటికి ధాన్యం డబ్బులు వస్తాయి. రాకపోతే బంగారం ఎలాగూ బీరువాలో ఊరికే ఉంది.

2. జూన్‌లో గేటు దగ్గర జాగ్రత్తగా ఉండండి.

బడులు తెరిచే ముందు టీచర్లు ఎండలో ఇల్లిల్లూ తిరుగుతారు. పిల్లల్ని చేర్పించమని అడుగుతారు. పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, భోజనం అన్నీ ఉచితమని చెబుతారు. వాళ్లతో వాదించకండి. మంచినీళ్లివ్వండి, నవ్వుతూ మాట్లాడండి. "మీరు చెప్పాక కాదంటామా మాస్టారూ! మా ఆయన పొలం నుంచి రాగానే అడిగి చెబుతాను" అనండి. ఆయన వచ్చాక మళ్లీ అడిగితే, "మా అత్తగారు ఊరెళ్లారు, పెద్దావిడ రాకుండా ఎలా!" అనండి. ఆవిడ తిరిగొచ్చేసరికి జూలై అవుతుంది. ఇలా పది ఇళ్లు చేస్తే ఒకటో తరగతి ఖాళీ.

3. కమిటీలో చేరండి. సమావేశానికి మాత్రం వెళ్లకండి.

2009 విద్యాహక్కు చట్టం బడికో యాజమాన్య కమిటీ ఉండాలంటుంది. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు. బడికి ఏం కావాలో ప్రణాళిక రాసే అధికారం కూడా ఈ కమిటీదే. ఇంత బలమైన కుర్చీని ఖాళీగా వదిలితే ఎవరో పని చేసేవాళ్లు వచ్చి కూర్చుంటారు. అందుకని మీరే ఆక్రమించండి. మీ పిల్లలు బడి మారారు కాబట్టి, ఇంకా అక్కడ పిల్లలున్న మీ బంధువులావిడ పేరు రాయించండి. మీటింగు పుస్తకం టీ కొట్టుకి తెప్పించుకుని సంతకాలు అక్కడే పెట్టించండి. ఎజెండా చదవకండి, చదివితే గుర్తుంటుంది. మరుగుదొడ్డికి తలుపు లేదని ఎవరైనా లేవదీస్తే, "వచ్చే మీటింగులో మాట్లాడదాం" అనండి. వచ్చే మీటింగు కూడా టీ కొట్టులోనే.

4. గేటు ఫోటో ఒకటి తీసి దగ్గర ఉంచుకోండి.

మాస్టారు ఒక్కరే మిగిలాక ఆయన శిక్షణకు వెళ్లినా, ఓటర్ల జాబితా పనికి వెళ్లినా బడికి తాళం పడుతుంది. ఆ రోజు ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. "ఇదీ మన బడి పరిస్థితి" అని రాయండి. ఎందుకు వెళ్లారో రాయకండి. ఆయన ఎక్కడికీ వెళ్లకపోతే ఆదివారం తీయండి. గేటు ఏ రోజు తీసినా గేటే కదా. ఈ ఒక్క ఫోటో ఏడాదిపాటు పనికొస్తుంది. ఇంకో టీచర్ని వేయించండని మండల విద్యాశాఖాధికారికి కాగితం రాయడం కంటే ఇది చాలా సుళువు.

5. వంట దగ్గర తగువు పెట్టండి.

పిల్లల్ని బడిలో నిలబెట్టేది సగం అన్నం, గుడ్డు. కాబట్టి అక్కడే చెయ్యి పెట్టాలి. వంటమ్మకు నెలకు ఇచ్చేది 3,000 రూపాయల గౌరవవేతనం. అయినా ఆ పని మీ వాళ్లకే రావాలని పట్టుబట్టండి. రాకపోతే సాంబారు పల్చగా ఉందనండి. వస్తే ఎదుటి వర్గంవాళ్లు ఆ మాట అంటారు. ఎటు తిరిగినా పని జరుగుతుంది. ఆఖరికి పిల్లలు తగ్గి వంటమ్మ పొయ్యి ఆర్పేసి కూలికి వెళ్లిపోతుంది. అప్పుడు మీరు ఎవరినీ ఏమీ అననక్కర్లేదు.

6. విలీనం అన్నప్పుడు దూరం కొలవకండి.

మన ఆంధ్రాలో 2022 జూన్ 10న 117 నంబరు జీవో వచ్చింది. కిలోమీటరు లోపు హైస్కూలు ఉంటే 3, 4, 5 తరగతులు అక్కడికి వెళ్లాలంది. ఊరి బడిలో ఒకటి, రెండు మిగులుతాయి. దీని అందం గమనించండి. పెద్దదాన్ని తూర్పున హైస్కూల్లో దింపిన తల్లి, చిన్నదాన్ని దింపడానికి మళ్లీ పడమరకు నడవదు. ఇద్దర్నీ కలిపి ఒకే బస్సు ఎక్కించేస్తుంది. మీరు వేలు కదపకుండానే రెండు పేర్లు పోతాయి.

అధికారులు వచ్చినప్పుడు మధ్యలో ఉన్న కాలవ సంగతి ఎత్తకండి. పటం మీద స్కేలు పెడితే కిలోమీటరే వస్తుంది. వంతెన చుట్టూ తిరిగితే రెండున్నర అవుతుందనీ, వానాకాలం చప్టా మీద నీళ్లు పారతాయనీ ఊళ్లోవాళ్లకే తెలుసు. తెలిసినవాళ్లు నోరు మెదపకపోతే కాగితంలో కాలవ ఉండదు.

2025లో ఆ జీవోను పక్కన పెట్టి కొత్త ఉత్తర్వులిచ్చారు. తరగతికో టీచరుతో ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు అన్నారు. అది మన ఊరికి వస్తుందా అని కనుక్కోవడానికి సచివాలయం దాకా వెళ్లాలి. ఎండగా ఉంది. వద్దు.

7. రెండు ఫైళ్లను కలవనివ్వకండి.

అన్నిటికంటే ముఖ్యమైన చిట్కా ఇదే, అండర్‌లైన్ చేసుకోండి. బడి ఫైలు ఒకటి, ఇళ్ల ఫైలు ఒకటి. ఈ రెండూ ఒకే బల్ల మీదికి వస్తే మన కష్టమంతా వృథా. ఎందుకో లెక్క చూడండి. ఊరి చివర 120 ఇళ్ల కాలనీ వస్తుందనుకుందాం. రెండిళ్లకి ఒకరు చొప్పున ఒకటి నుంచి ఐదు చదివే పిల్లలున్నా అరవై మంది. విద్యాహక్కు చట్టం అరవై మంది దాకా ఇద్దరు టీచర్లనిమ్మంది, ఆపైన ఒక్కరు పెరిగినా మూడో టీచరు. అంటే బడిని బతికించే పిల్లలు రెండేళ్లలో ఊళ్లోకి నడిచి వస్తున్నారన్నమాట! ఈ లెక్క ఎవరి నోటా రాకూడదు.

జాగ్రత్త ఎందుకంటే, రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు రాసిన 29 విషయాల్లో పదోది గ్రామీణ గృహనిర్మాణం, పదిహేడోది చదువు. రెండూ ఒకే పంచాయతీ పద్దులో ఉన్నాయి. అందుకని గ్రామసభలో ఇళ్ల లబ్ధిదారుల జాబితా ముందు తీయించండి. జాబితాలో పేరుందా లేదా అన్న గొడవ రెండు గంటలు నడుస్తుంది. ఆ తర్వాత బడి మాటెత్తేవాడికి కుర్చీలు సర్దేవాళ్లు తప్ప వినేవాళ్లు ఉండరు. బడికి తాళం ముందు పడాలి, కాలనీకి కొబ్బరికాయ తర్వాత కొట్టాలి. ఈ వరస తప్పితే బడి బతికిపోతుంది.

8. కాలనీకి దూరంగా, పల్లంలో చోటు చూపించండి.

పేదలందరికీ ఇళ్లు పథకం 2020 డిసెంబరు 25న కాకినాడ దగ్గర కొమరగిరిలో మొదలైంది. రాష్ట్రమంతటా 30 లక్షలకు పైగా పట్టాలు, 17 వేలకు పైగా కాలనీలు అన్నారు. పల్లెలో కుటుంబానికి సెంటున్నర, అంటే 72 గజాల చిల్లర. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం పల్లెల్లో మూడు సెంట్లు ఇస్తామంది. సెంట్లు ఎన్నయినా భూమి ఎవరిదో ఒకరిది కొనాలి కదా! మీ చేలల్లో ఏది పండదో అది చూపించండి. వాన పడితే మోకాలి లోతు నిలిచేది అయినా ఫర్వాలేదు, మెరక ప్రభుత్వమే తోలిస్తుంది. ఊరికి రెండు కిలోమీటర్లు ఉంటే ఇంకా మంచిది. అక్కడి పిల్లలు ఊరి బడి దాకా నడవలేరు, అక్కడ కొత్త బడి కట్టరు. చాలామంది పట్టా బీరువాలో పెట్టుకుని పాత ఇంట్లోనే ఉంటారు. కాలనీ కాగితం మీద నిండుగా, నేల మీద ఖాళీగా ఉంటుంది. ఖాళీ కాలనీకి బడి ఎందుకని అడిగితే జవాబు చెప్పేవాళ్లుండరు.

ఇక మీరే సొంతంగా వెంచర్ వేస్తే, లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం వదిలి పంచాయతీకి గిఫ్టు డీడు రాసివ్వాలి. రోడ్డు మలుపులో, ట్రాన్స్‌ఫార్మర్ కింద మిగిలిన ముక్కలన్నీ కలిపి రాసివ్వండి. ఒకే చోట ఇస్తే ఎవరో ఒకరు అంగన్‌వాడీ కట్టమంటారు.

9. బడి బోర్డు చెరపకండి.

బడి మూతపడ్డాక చాలామంది చేసే తప్పు ఇదే. సంబరంలో గోడకి సున్నం వేయించేస్తారు. వద్దు. లోపల ఎరువుల బస్తాలు వేసుకోండి, వరండాలో గేదెను కట్టుకోండి, గోడ మీది అక్షరాలు మాత్రం అలాగే ఉంచండి. 'మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల' అన్న ఆ నీలం అక్షరాలు మీ ప్లాటుకు గజం రేటు పెంచుతాయి.

ప్లాటు చూడటానికి భార్యాభర్తలు వస్తారు, వెంట ఒక చిన్నపిల్ల. ఆయన సిమెంటు రోడ్డు చూస్తాడు, బోరు చూస్తాడు. ఆవిడ మాత్రం ఒక్కటే అడుగుతుంది: "బడి దగ్గరేనా అండీ?" కారు ఆపకుండా బోర్డు చూపించండి. తాళం కనబడితే వేసవి సెలవులనండి. వేసవి కాకపోతే రెండో శనివారం అనండి. కారు దిగేలోపు బయానా తీసుకోండి.

జూన్ వస్తుంది. ఆవిడ పిల్ల చెయ్యి పట్టుకుని, కొత్త పలకతో ఆ గేటు దాకా వస్తుంది. కంగారుపడకండి, మొహం చాటెయ్యకండి. దగ్గరికి వెళ్లి మెల్లగా, "మీరొస్తారని తెలిస్తే ఉంచేవాళ్లం కదమ్మా" అనండి. తర్వాత బస్సు ఆగే చోటు చూపించండి. ఉదయం ఆరూ నలభై ఐదుకి వస్తుంది.