గెలిస్తే సిద్ధాంతం, ఓడితే మొండితనం

చెన్నై పెరియమేడులోని నెహ్రూ స్టేడియంలో గ్యాలరీకీ మైదానానికీ మధ్య రన్నింగ్ ట్రాక్ ఒకటుంది. ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న రోజు దాని మీద పరిగెత్తేవి మన సలహాలే. "ఇంకో ఫార్వర్డ్‌ని దింపవయ్యా!" అని వడపళని బావ కేకేస్తాడు. "దింపావో, మునిగావే!" అని షావుకారుపేట బాబాయి అరుస్తాడు. ట్రాక్ దాటేసరికే రెండు కేకలకీ ఊపిరి ఆగిపోతుంది. ఒకవేళ చేరినా, తెలుగు రాని కోచ్ కాబట్టి బతికిపోతాడు.

వరసగా ఓడుతున్న కోచ్ ఎత్తుగడ మార్చుకోవాలా, నమ్మిన దారినే పోవాలా? చెన్నైయిన్ ఎఫ్‌సీ అభిమానులకి ఇది తీరని పంచాయితీ. మార్చకపోతే మనుగడ లేదంటాడు బావ. ఓపిక పట్టమంటాడు బాబాయి. "ధోనీ సహ యజమానిగా ఉన్న టీమురా! ఆఖరి ఓవర్ దాకా ఆగాలి" అని ఆయన వాదన. ఫుట్‌బాల్లో ఓవర్లుండవని చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

అప్పటి కోచ్ జాన్ గ్రెగరీ సంగతే చూడండి. 2018 మార్చి 17న కంఠీరవ స్టేడియంలో బెంగళూరుని వాళ్ల గడ్డ మీదే 3-2తో ఓడించి కప్పు పట్టుకొచ్చాడు. అందులో రెండు గోల్స్ కార్నర్ కిక్కులకి డిఫెండర్ మైల్సన్ ఆల్వెస్ తలతో కొట్టినవే. "పట్టిన పట్టు విడవని మనిషంటే ఇతనే" అని ఇద్దరూ మురిసిపోయారు. తర్వాతి సీజన్‌కీ కోచ్ ఆయనే, మైల్సన్ కూడా ఉన్నాడు. 18 మ్యాచ్‌లకి 9 పాయింట్లు, పట్టికలో అట్టడుగు. "పట్టిన పట్టు విడవడేం ఖర్మ!" అని తిట్టినవాళ్లూ ఈ ఇద్దరే.

2019 నవంబర్ 25న హైదరాబాద్ ఎఫ్‌సీ చెన్నై వచ్చింది. అప్పటికి నాలుగు మ్యాచ్‌లాడిన మనవాళ్లు ఒక్క గోలూ కొట్టలేదు. ఆ రోజూ 90 నిమిషాలు గడిచాయి, స్కోరు 0-0. "ఈ గ్రెగరీని ఈ రాత్రికే విమానం ఎక్కించాలి" అన్నాడు బావ. ఇంజురీ టైమ్‌లో షెంబ్రి గోల్ కొట్టాడు. "ఓపిక ఫలించింది!" అని ఎగిరింది కూడా బావే. కాసేపటికి కిల్‌గాలన్ సమం చేశాడు. "ముసలాడికి బుర్ర లేదు" అని బాబాయి పార్టీ మార్చాడు. వెంటనే వాల్స్కిస్ కొట్టాడు, 2-1. ఇద్దరూ కావిలించుకున్నారు, ఎవరిది ఏ పార్టీయో ఇద్దరికీ గుర్తులేదు. ఆ వారంలోనే గ్రెగరీ తప్పుకున్నాడు.

డిసెంబర్లో ఓవెన్ కోయిల్ వచ్చి అదే జట్టుని ఫైనల్ దాకా లాక్కెళ్లాడు. ఎదురుదాడి ఆటకి నీరాజనాలు. బావ నెగ్గాడనుకునేరు, ఆగండి. ఆ కోయిలే 2023లో మళ్లీ వచ్చాడు. 2024-25లో 13 జట్లలో 11వ స్థానం దక్కింది. అప్పటి ధైర్యం ఇప్పుడు తెంపరితనమైంది.

ఎత్తుగడ మార్చడమంటే ఏమిటో మన హైదరాబాదీ బడిపంతులు, భారత జట్టు కోచ్ రహీం సాబ్ 1962లోనే జకార్తాలో చూపించాడు. ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం అతన్ని తీసుకెళ్లి ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు. ఫైనల్లో అతనే ఒక గోల్ కొట్టాడు. దక్షిణ కొరియా మీద 2-1తో స్వర్ణం మనదైంది. "అదీ బుర్రంటే!" అంటాడు బాబాయి ఇప్పటికీ. ఆ బంతి గోల్‌పోస్టుకి తగిలి బయటికి పోయి ఉంటే? "కుట్లేసుకున్నవాణ్ని ముందుకి తోస్తాడా? బడిపంతులికి ఫుట్‌బాలేం తెలుసు?" అని మొదట లేచే గొంతు ఎవరిదో నేను చెప్పక్కర్లేదు.

అందుకే ఇద్దరికీ ఒక ఒప్పందం పెట్టాను. మ్యాచ్ మొదలయ్యే ముందే టికెట్ వెనక రాసివ్వాలి: ఎత్తుగడ మార్చాలా వద్దా, ఎవర్ని తీసి ఎవర్ని దింపాలి. కింద సంతకం. ఆఖరి విజిల్ ఊదాక నలుగురిలో చదవాలి. వాదించకుండా ఒప్పేసుకున్నారు. షరతు మాత్రం ఒకటి పెట్టారు: పెన్ను ఇంజురీ టైమ్ అయ్యాకే ఇవ్వాలట.