పిలిస్తే పలకనివారు గైర్హాజరు

రెండు చెవుల్లోనూ మాటలు వినే పౌనఃపున్యాల వద్ద 70 డెసిబెళ్లు, అంతకు మించి వినికిడి లోపం ఉన్నవారిని దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 బధిరులుగా నిర్వచించింది. పక్కన నిలబడి మామూలుగా మాట్లాడినా ఆ మాట వారికి చేరదని శాసనమే ఒప్పుకుందన్నమాట. వైకల్య శాతాన్ని తేల్చి ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరాల్లో మాత్రం, గుమ్మంలో నిలబడి పేరు పెట్టి కేకవేయడం, పలకకపోతే తరువాతివారిని పిలవడం అనే ప్రాచీన పద్ధతి చెక్కుచెదరలేదు. పలికినవాడికి చెవులు బాగున్నట్టు, పలకనివాడు రానట్టు లెక్క. ఈ తర్కం ప్రకారం శిబిరానికి బధిరులు హాజరు కావడమే అసాధ్యం గనుక, అనంతపురం పీఠభూమిలో కరవు ఉన్నా చెవుడు మాత్రం ఎప్పుడో నిర్మూలమై ఉండాలి.

కేకల గండం గట్టెక్కినవారికి శ్రవణ పరీక్ష, అంటే ఆడియోమెట్రీ, ఎదురవుతుంది. హెడ్‌ఫోన్లు తగిలించి, 500 నుంచి 4000 హెర్ట్‌జ్ వరకు వేర్వేరు పౌనఃపున్యాల్లో శబ్దాన్ని పెంచుతూ తగ్గిస్తూ, వినపడిన క్షణాన వేలు ఎత్తమనో మీట నొక్కమనో అడుగుతారు. ఆ నియమాన్ని బధిరుడికి వివరించే తీరే అసలైన రసఘట్టం: మొదట నోటితో చెబుతారు, అర్థం కాకపోతే గట్టిగా చెబుతారు, అప్పటికీ కాకపోతే తోడొచ్చినవారిని కసురుకుంటారు. నియమం తెలియక వేలు ఎత్తనివాడికీ, శబ్దం వినపడక ఎత్తనివాడికీ తేడా ఆ యంత్రానికి తెలియదు. వినపడినా ఎత్తని మూడోరకం మనిషి కోసం, తలకు తీగలు అంటించి శ్రవణ నాడి, మెదడు కాండాల స్పందనను కొలిచే బెరా పరీక్ష ఉంది. మొత్తం తతంగంలో బధిరుడి మీద గొంతు చించుకోనిది ఆ యంత్రం ఒక్కటే. ఫెయిలయితేనే పాసయ్యే పరీక్ష లోకంలో మరొకటి ఉండదేమో.

దొంగ ధ్రువపత్రాలు లేవని ఎవరూ అనరు. ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగుల పింఛను 2024లో 3,000 నుంచి 6,000 రూపాయలకు పెరిగాక, అర్హతకు గీసిన 40 శాతం గీత విలువ కూడా రెట్టింపయింది గనుక, 2025లో రాష్ట్రమంతటా పునఃపరిశీలన జరపడంలో అన్యాయం లేదు. చెవిని అనుమానించే హక్కు సర్కారుకు ఉంది. ఆ అనుమానాన్ని అవతలివారికి తెలిసే భాషలో చెప్పే బాధ్యతను మాత్రం అది హాయిగా ఇంటివాళ్లకు అప్పగించింది.

చట్టం ‘సహేతుక సర్దుబాటు’ అని ఒక మాట వాడింది: మితిమీరిన భారం పడనంత మేరకు, దివ్యాంగుడి అవసరానికి తగినట్టు వ్యవస్థ తనను తాను మార్చుకోవడం దాని అర్థం. రాయదుర్గం నుంచి అనంతపురానికి వంద కిలోమీటర్లకు దగ్గరదగ్గరగా ప్రయాణించి వచ్చే కుటుంబంలో ఈ సర్దుబాటు చేసుకునేది ఎవరో చూస్తే తెలుస్తుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నిక్కచ్చిగా పడని నేలమీద, వేరుశనగ విత్తడానికి పదును దొరికిన రోజునే స్లాటు పడితే, ఆ పదును వదులుకుని భార్య వెంట రావాలి. ఆమె బెంగళూరు కూలికి పోయి ఉంటే, ఆరో తరగతి కూతురు బడి మానాలి. తండ్రి చెవుల్లో ఎంత శాతం లోపమో డాక్టరు నోట విని, వేళ్లతో తండ్రికి చెప్పే ఆ పిల్ల జీతం లేని ప్రభుత్వ దుబాసీ. గోడకు ఒక నల్లబల్ల, దానిమీద సుద్దతో టోకెన్ నంబరు: ఇంతటి మితిమీరిన భారం ఖజానా మోయలేదు కాబోలు.

ఇంగ్లిషు రానివారిని పరీక్షపెట్టి వడపోసే అమెరికా సైతం, తన పౌరసత్వ ఇంటర్వ్యూకు వచ్చే బధిరుడు ముందుగా అడిగితే, సంకేత భాష దుబాసీని ప్రభుత్వ ఖర్చుతోనే ఏర్పాటు చేస్తుంది. 1973 నాటి పునరావాస చట్టం 504వ సెక్షన్ ఆ బాధ్యతను ఫెడరల్ ప్రభుత్వ సంస్థల మీద మోపింది. అంత దూరం పోనక్కరలేదు. 2023 సెప్టెంబరులో బధిర న్యాయవాది సారా సన్నీ దుబాసీ సాయంతో సుప్రీంకోర్టులోనే వాదన వినిపించారు. అనంతపురానికీ చేతుల భాష కొత్త కాదు: 1969 నుంచి ఇక్కడ పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థ ఆర్‌డీటీ బధిర పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు నడుపుతోంది. అక్కడి ఉపాధ్యాయుల్లో ఒక్కరిని శిబిరం రోజున భత్యమిచ్చి పిలిస్తే సరిపోయేదానికి, ‘నిశ్శబ్దము’ అన్న బోర్డు కింద నిలబడి అరవడమే సులువనిపిస్తోంది.

ఇన్ని దాటి పింఛను చేతికందినవారిని కూడా వ్యవస్థ మరిచిపోదు. పథకాలు సక్రమంగా అందుతున్నాయో లేదో ప్రజలనే అడిగి తెలుసుకోవాలన్న సదుద్దేశంతో, ముందే రికార్డు చేసిన గొంతుతో ఫోన్లో ప్రశ్నలడిగే ఐవీఆర్ఎస్ విధానాన్ని ప్రభుత్వం ప్రవేశపెట్టింది. ఆ గొంతు బధిర పింఛనుదారు ఫోనుకూ వస్తే, అతడు వెలుగుతున్న తెర చూసి ఫోనెత్తితే, సేవలతో సంతృప్తి చెందినట్లయితే ఒకటి నొక్కమని, లేనట్లయితే రెండు నొక్కమని, మళ్లీ వినాలనుకుంటే తొమ్మిది నొక్కమని అది ఎంతో మర్యాదగా చెబుతుంది.