ఆరడుగుల చెప్పుల బల్ల

తెలుగువాడు ఇల్లు కట్టించేటప్పుడు దేవుడికి గది అడుగుతాడు, గ్యాసు బండకి గూడు అడుగుతాడు, ఏసీ బయటి పెట్టెకి చోటు అడుగుతాడు. చెప్పులకి మాత్రం ఏమీ అడగడు. అవి వాటంతటవే సర్దుకుంటాయని ఆయన నమ్మకం. సర్దుకుంటాయి కూడా, ఎడమది మన గుమ్మం ముందు, కుడిది పక్కింటివాళ్ళ ముగ్గు మీద.

మా ఇంట్లో మనుషులం ఐదుగురం. చెప్పులెన్నో తెలీదు. 2021లో జరగాల్సిన దేశ జనాభా లెక్కలే వాయిదా పడ్డాయి, ఇంక చెప్పుల లెక్క ఎవరు తీస్తారు? ఆఫీసు బూట్లు, నడక బూట్లు, స్కూలు బూట్లు, పెళ్ళిళ్ళకి వేసుకెళ్ళే జోళ్ళు, పెళ్ళిళ్ళలో పోయినా ఏడవక్కర్లేదని వేసుకెళ్ళే జోళ్ళు. ఇవి కాక, తెగినవాటిని ఎప్పటికైనా కుట్టించకపోతామా అని దాచిన జతలు వేరే. అలా కుట్టించిన జత ఒక్కటీ లేదు గానీ ఆశ వదులుకున్న జత కూడా లేదు.

ఇవన్నీ బయట కారిడార్లో ఉన్నంతకాలం ఏ గొడవా లేదు. ఒకరోజు అపార్ట్‌మెంటు అసోసియేషన్ వారు లిఫ్టు పక్కన నోటీసు అంటించారు. కారిడార్లలో చెప్పుల స్టాండ్లు, సైకిళ్ళు, పూలకుండీలు ఉంచరాదు, మంటలంటుకుంటే జనం పరుగెత్తే దారికి అడ్డం. న్యాయమైన మాటే. పైగా ఆ కాగితం అంటించడానికి సెక్రటరీగారు మా చెప్పుల మీంచి దూకి వెళ్ళారు గనక వాదించడానికి వీల్లేకపోయింది.

సరే, లోపలికి తేవాలి. ఎక్కడ పెట్టాలి? మా గుమ్మం తూర్పు ముఖం, ఈశాన్యం మూలకి దగ్గర. ఈశాన్యంలో బరువు పెట్టకూడదు, చెప్పుల మాటే ఎత్తకూడదు అంది మా అమ్మ. పడమట పెట్టమంది. మా హాలుకి పడమట ఉన్నది వంటిల్లు. అంటే వచ్చిన చుట్టం చెప్పులతో హాలంతా దాటి, పొయ్యి దాకా వెళ్ళి, అక్కడ విప్పి, మళ్ళీ వెనక్కి నడిచొచ్చి కూర్చోవాలి. ఈ ఊరేగింపు ఊహించుకున్నాక ఆవిడే మెత్తబడి, గుమ్మానికి దక్షిణంగా ఉన్న గోడని మంజూరు చేసింది. "అది ఆగ్నేయం వైపు కదరా, అగ్ని ఉంటుంది. వానాకాలం చెప్పులు ఎండుతాయి" అంది. మా అమ్మ చెప్పే శాస్త్రానికి ఎప్పుడూ ఒక పెరటి తలుపు ఉంటుంది.

మా బావమరిది మిషిగన్‌లో ఉంటాడు. సంగతి విని ఒక ఫోటో పంపాడు. అక్కడి ఇళ్ళలో గరాజ్ నుంచి లోపలికొచ్చే దారిలో మడ్‌రూమ్ అని చిన్న గది ఉంటుంది. మంచు తొక్కిన బూట్లు, తడిసిన కోట్లు అక్కడ వదిలేసి ఇంట్లోకి నడవాలి. ఫోటోలో తెల్ల రంగు బల్ల, బల్ల కింద గూళ్ళు, బల్ల మీంచి నిలువుగా నాలుగు అరలు, అరకో కొక్కెం, కొక్కేనికో కోటు. పైన వరసలో నాలుగు బుట్టలు. బల్ల మీద ఒక దిండు. ఆ దిండు మీద ఏమీ లేదు. ఇంట్లో ఒక వస్తువు ఉండి, దాని మీద ఇంకో వస్తువు లేకపోవడం మా ఆవిడని కదిలించేసింది.

"ఏవండీ, మనమూ ఇలాంటిది చేయిద్దాం."

"మన దగ్గర కోట్లెక్కడివి?"

"పెళ్ళినాటి సూటుందిగా. ఒక కొక్కేనికి సరిపోతుంది."

వడ్రంగి మేస్త్రి వచ్చాడు. మా గోదావరి వైపు మనిషే. చెవి మీద పెన్సిలు, నడుముకి టేపు. ఫోటో ముందుకి జరిపి, వెనక్కి జరిపి, పెద్దది చేసి చూశాడు.

"చాలా బాగుంది సార్. ఈ ఇంట్లో మనుషులుండరా?" అన్నాడు.

తర్వాత మా పాదాలు కొలిచాడు. ఇంట్లో పెద్ద బూటు నాది, దాదాపు అడుగు పొడవు. హెల్మెట్ ముందునుంచి వెనక్కి 14 అంగుళాల దాకా వచ్చింది. "అయితే లోతు 16 పెట్టాలి సార్, లేకపోతే తలుపు పడదు" అన్నాడు. కూర్చునే ఎత్తు 18 అంగుళాలు. అంతకన్నా కిందికి కడితే మా అమ్మ కూర్చోగలదు గానీ లేవలేదు. పొడవు 6 అడుగులు, నిలువు 7 అడుగులు. కూలి చదరపు అడుగు లెక్కన, ముందు నుంచి కనబడే కొలతకే. ఆరేళ్ళు నలభై రెండు. "లోతుకి డబ్బులు తీసుకోను సార్" అన్నాడు, ఆ 16 అంగుళాలూ మాకు కట్నంగా ఇస్తున్నట్టు.

మా అమ్మకి టేకు కావాలి. వాళ్ళ నాన్నగారి టేకు మంచం నాలుగు తరాలు చూసిందని ఆవిడ వాదన. మేస్త్రి ఓపిగ్గా చెప్పాడు. టేకు ఘనపుటడుగు లెక్కన కొనాలి, 16 అంగుళాల వెడల్పు ఒకే పలకగా దొరకడం కష్టం, అతికించాలి. అతికించినా వానలకి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండలకి బిగుస్తుంది. ప్లైవుడ్ అయితే ఒక పొర నిలువు ఈనె, దాని మీది పొర అడ్డం ఈనె, ఒకదాన్నొకటి కదలనివ్వవు. మా అమ్మ ముక్కని అంచువైపు తిప్పి చూసి, "ఇది మడతకాజాలా ఉందిరా" అంది. మేస్త్రి కొట్టిపారెయ్యలేకపోయాడు.

ప్లైవుడ్ షాపులో ఒక ఆచారం ఉంది. వచ్చిన ప్రతివాడూ షీటుని వేలి కణుపుతో కొట్టి చెవి ఒగ్గి వినాలి. మేస్త్రి కొట్టి తలూపాడు. షాపాయన కొట్టి తలూపాడు. నేనూ కొట్టి తలూపాను. నాకు వినపడింది "టక్" అని. 303, 710 అని రెండు నంబర్లు చెప్పారు, రెండూ ఐఎస్ఐ ప్రమాణాల నంబర్లే. 710 రకాన్ని పరీక్షలో 72 గంటలు మరిగే నీళ్ళలో ఉంచినా పొరలు విడిపోకూడదట. మా ఇంట్లో చెప్పుల బల్లని ఎవరూ ఉడకబెట్టరని మనవి చేశాను. "ఉడకబెట్టరు సార్, రోజూ తడిగుడ్డ పెట్టి తుడుస్తారు. దానికన్నా ఉడకబెట్టడమే నయం" అన్నాడు మేస్త్రి. అందుకని కింది భాగానికి 710, పైదానికి 303 అని తీర్పయింది. నేల మీంచి 4 అంగుళాలు ఎత్తి, గోడకి కొంచెం ఎడం ఉంచి కట్టడమూ ఆ తడిగుడ్డకి భయపడే.

ఇక లెక్కలు. ఆరడుగులంటే 72 అంగుళాలు, నాలుగు భాగాలు చేస్తే తలా 18. ఇది బళ్ళో లెక్క. వడ్రంగి లెక్క వేరు. నాలుగు అరలకి అయిదు నిలువు పలకలు కావాలి. ఒక్కోటి 19 మిల్లీమీటర్లు, రెండు వైపులా సన్‌మైకా కలిపితే 21. అయిదూ కలిసి దాదాపు 4 అంగుళాలు మింగేస్తాయి, అరకి మిగిలేది 17. ఆస్తి పంచుకునేటప్పుడు గోడ కూడా ఒక వాటా అడుగుతుందని అన్నదమ్ములున్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. అక్కడితో ఆగదు. ఎనిమిదడుగుల షీటుని పొడుగునా మూడు చీలికలు కోస్తే ఒక్కోటి కచ్చితంగా 16 అంగుళాలు రావాలి, రాదు. కోతకి మూడేసి మిల్లీమీటర్లు రంపం పొట్టు చేసేస్తుంది. మేస్త్రికి కూలి, మిషనుకి కరెంటు, రంపానికి చెక్క.

17 అంగుళాలు అనగానే మేస్త్రి మళ్ళీ ఆ ఫోటో బయటికి తీశాడు. "ఇందులో మనిషి అర లోపల కూర్చోవాలి సార్. మీ చుట్టాల్లో 17 అంగుళాల్లో పట్టేవాళ్ళున్నారా?" అందరికీ ఒకేసారి కాకినాడ బాబాయి గుర్తొచ్చాడు. ఎవరూ పేరెత్తలేదు. మౌనంగా ప్లాను మార్చాం. అటొక నిలువు బీరువా, ఇటొక నిలువు బీరువా, ఒక్కోదానికి పైనొకటి కిందొకటి తలుపున్న లాకర్లు. మధ్యలో అడ్డుగోడ తీసేసి మూడడుగుల సింహాసనం. దాని వెనక నాలుగు కొక్కేలు. నెత్తిన గూళ్ళ వరస.

సింహాసనం కింద ఏముండాలన్నది పెద్ద చర్చ. మూతలా పైకి లేచే పలక పెట్టి, లోపల పెట్టెలా ఉంచమంది మా ఆవిడ. అన్నీ లోపలుంటాయి, ఏదీ కనబడదు. మేస్త్రి పెన్సిలు చెవి మీంచి తీసి, మళ్ళీ చెవి మీదే పెట్టుకున్నాడు. "పెట్టొచ్చమ్మా. కానీ పైన పెద్దాయనెవరో కూర్చుని కాఫీ తాగుతుంటారు. సార్ ఆఫీసుకి టైమవుతుంది. బూట్లేమో కింద. పెద్దాయన్ని లెమ్మంటారా, సార్‌ని ఉత్తకాళ్ళతో పంపుతారా?" ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. నేను అక్కడే ఉన్నాను గనక, మూత వద్దంది.

కాబట్టి తెరిచిన గూళ్ళు. రెండు వరసల్లో నాలుగు, దాదాపు ఆరేసి అంగుళాల ఎత్తు. 17 అంగుళాల వెడల్పులో రెండు జతలు పడతాయి, మొత్తం ఎనిమిది జతలు. "చాలా సార్?" అని అడిగాడు మేస్త్రి, గుమ్మం బయటికి చూస్తూ. ఇంటిల్లిపాదీ ఒకే గొంతుతో చాలన్నాం. ఎదుటివాళ్ళ చెప్పులు తగ్గించవచ్చని ప్రతివాళ్ళ ధీమా.

సన్‌మైకా పుస్తకాలు తెచ్చాడు. గోధుమరంగులో ఇన్ని అంతస్తులున్నాయని నాకు తెలీదు. మా అమ్మాయి వాల్‌నట్ అంది, మా ఆవిడ ఓక్ అంది. మా అమ్మ పుస్తకాలు రెండూ తిరగేసి, "చెక్కకి చెక్క రంగు అంటించడానికి ఇంత ఆలోచన ఎందుకే?" అంది. ఎవరి దగ్గరా సమాధానం లేక ఓక్ ఖాయమైంది.

ఫెవికాల్ పూసి సన్‌మైకా వేశాక, ఆరేదాకా దాని మీద సమానంగా బరువుండాలి. "బరువైనవి ఏమైనా ఉన్నాయా సార్?" అన్నాడు మేస్త్రి. నా పుస్తకాలు చూపించాను. విమర్శ గ్రంథాలు ఒక తలుపు మీద, సంపుటాలు ఇంకో తలుపు మీద, నిఘంటువులు మూలల మీద పేర్చాడు. కవిత్వం రెండు కట్టలు చేత్తో తూచి, "ఇవి తేలిక సార్, ఆగవు" అని పక్కన పెట్టేశాడు. తెల్లారి చూస్తే తలుపులు అద్దంలా అతుక్కున్నాయి. నా పుస్తకాలు ఇంటికి ఉపయోగపడటం మా ఆవిడ కళ్ళారా చూసింది. అప్పటి నుంచి వాటిని అమ్మేద్దామనడం మానేసింది.

బల్ల నిలబడింది. కేటాయింపులు మొదలయ్యాయి. లాకర్లు నాలుగు, మనుషులు ఐదుగురు. రాజ్యాంగం రాసేవాళ్ళకి ఈ అంకెల ఇబ్బంది తెలుసు. మా అమ్మ త్యాగం చేసింది. "నాకెందుకురా, ఉన్నది ఒక్క జత" అంది. పై లాకర్లు మా ఇద్దరికీ, కింది లాకర్లు పిల్లలకీ రాశాం. వారం తిరిగేలోగా నాలుగు లాకర్లలోనూ మా అమ్మవి ఒక్కో వస్తువు చేరాయి. నా దాంట్లో ప్లాస్టిక్ సంచుల్ని దాచిన ప్లాస్టిక్ సంచి, మా ఆవిడ దాంట్లో కుంకుడుకాయలు, అమ్మాయి దాంట్లో గొడుగు, అబ్బాయి దాంట్లో ఎందుకో ఒక సుత్తి. వాటా వదులుకున్నవాళ్ళకి అన్ని వాటాల్లోనూ హక్కుంటుందని అప్పుడు అర్థమైంది.

లాకర్లకి తాళాలు కావాలన్నది పిల్లల పట్టు. పెట్టించాం. నాలుగు తాళాలూ ఒకే చెవికి తెరుచుకుంటాయని మా అబ్బాయి కనిపెట్టాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో రహస్యాలు లేవు, చాక్లెట్లూ లేవు.

కొక్కేల్లో ఒకదానికి కూరల సంచి, ఒకదానికి రెయిన్‌కోటు, ఒకదానికి స్కూలు ఐడీ కార్డులు, నాలుగో దానికి పెళ్ళినాటి సూటు. సూటు పని ఏమీ లేదు, ఫోటోలోలా ఉండాలని. పై గూళ్ళలో బుట్టలు పెట్టాల్సిన చోట శుభలేఖలు, దీపావళికి మిగిలిన కాకరపువ్వొత్తులు, మళ్ళీ ఎందుకైనా పనికొస్తాయని దాచిన కొరియర్ అట్టపెట్టెలు.

కాకినాడ బాబాయి వచ్చాడు. బల్ల చూసి, "బావుందిరా అబ్బాయ్, దర్జాగా ఉంది" అంటూ సరిగ్గా మధ్యలో కూర్చున్నాడు. మూడడుగులూ నిండాయి. కాఫీ తెప్పించుకున్నాడు, పేపరు తెప్పించుకున్నాడు. సోఫా ఖాళీగా ఉందని చెప్పాం, "ఇక్కడ గాలి బాగుందిరా" అన్నాడు. మా అమ్మాయికి ట్యూషన్‌కి వేళయింది. చెప్పులు బాబాయి కాళ్ళ వెనక గూట్లో ఉన్నాయి. మూత లేదు, నిజమే. కాళ్ళున్నాయి. అమ్మాయి ఒక నిమిషం నిలబడి, వాళ్ళ నానమ్మ చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఎవరైనా మా ఇంటికొస్తే ముందు ఆ బల్లని మెచ్చుకుంటారు. మెచ్చుకుంటూ, దాని ముందు నేల మీద చెప్పులు విప్పుతారు. విప్పడానికి వంగక్కర్లేదు, ఒక మడమతో ఇంకో మడమ తొక్కితే చాలు. గూట్లో పెట్టాలంటే వంగాలి. మనిషి నడక ఎక్కడ ఆగితే చెప్పు అక్కడే ఆగుతుంది, దానికి ఓక్ రంగు సన్‌మైకా చూపించి లాభం లేదు.

మొన్న ఎదురు ఫ్లాటాయన టేపు పట్టుకుని కొలతల కోసం వచ్చారు. అన్నీ రాసిచ్చాను: పొడవు 6 అడుగులు, నిలువు 7 అడుగులు, లోతు 16 అంగుళాలు, కూర్చునే ఎత్తు 18. చివర ఇంకొకటి కలిపాను: బల్ల ముందు 3 అడుగుల ఖాళీ నేల, చెప్పులు పెట్టుకోడానికి. ఆయన నవ్వి, "దానికి మేస్త్రి ఎంత తీసుకుంటాడు?" అన్నారు. ఆ ముక్క నేనూ మేస్త్రిని అడిగి ఉన్నాను. దానికి చదరపు అడుగు లెక్క లేదట, అది ఇంటివాళ్ళే కడతారట.